గోయెడ్ అన్న పిల్లవాడు – ఒక ఇంగ్లీషు ప్రత్యయం పూర్వచరిత్ర



తెలుగు పండితునికి ఇంగ్లీషు క్రియాపదాలతో పని ఏమిటని మీరు అడుగవచ్చు. అడుగవలసినదే. నా ఉద్యోగ జీవితమంతా సంధులతోను, సమాసాలతోను, ఛందస్సుతోను గడిచిపోయింది. అయినా ఒక ఏడాది మాత్రం నేను ఇంగ్లీషు ఉపాధ్యాయుణ్ణి. ఆ ఏడాది చేసిన ఒక పొరపాటు ముప్ఫై ఏళ్ళకు పైగా నా వెంట నడిచింది. దాని కారణంగానే ఈ వయసులో ఇంగ్లీషు క్రియల చరిత్ర చదివాను. చదివినది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

1986లో కృష్ణా జిల్లాలో నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుని పోస్టు ఖాళీ అయింది. కొత్తవారు వచ్చేవరకు ఏడవ తరగతి ఇంగ్లీషు నన్ను చూడమన్నారు హెడ్మాస్టరుగారు. "వ్యాకరణం వచ్చినవారికి ఏ భాషైతేనేం మాస్టారూ" అన్నారు. నేనూ నమ్మాను. మొదటి వారమే నల్లబల్ల మీద పట్టిక గీసి, భూతకాలానికి క్రియ చివర ‘ఈ’, ‘డీ’ అనే రెండు అక్షరాలు చేర్చవలెనని సూత్రప్రాయంగా చెప్పాను. వాక్ – వాకెడ్, లుక్ – లుకెడ్, హెల్ప్ – హెల్పెడ్. అవును, ‘వాకెడ్’ అనే పలికాను. పిల్లలచేతా అలాగే పలికించాను.

మరునాడు గో, కమ్, ఈట్ అని మూడు క్రియలు రాసి, వీటి భూతకాల రూపాలు రాయమన్నాను. వెనుక బెంచీలో కూర్చునే ఒక కుర్రవాడు చకచకా వచ్చి గోయెడ్, కమెడ్, ఈటెడ్ అని రాసి, మెచ్చుకుంటానన్నట్లు నా వంక చూశాడు. నేను నవ్వాను. నాతోపాటు తరగతి అంతా నవ్వింది. అంతటితో ఆగితే బాగుండేది. వాణ్ణి బెంచీ ఎక్కించి గంట కొట్టేవరకు నిలబెట్టాను. ఆ రోజునుంచి తోటిపిల్లలు వాణ్ణి ‘గోయెడ్’ అని పిలవసాగారు. ఆ ఏడాదంతా ఇంగ్లీషు పీరియడులో వాడు నోరు తెరవలేదు.

సహృదయులు గమనించే ఉంటారు. వ్యాకరణ పరిభాషలో సామాన్య విధిని ఉత్సర్గమంటాము. దానిని కాదనే విశేష విధిని అపవాదమంటాము. నేను ఉత్సర్గం మాత్రమే చెప్పి, చెప్పని అపవాదానికి శిక్ష వేశాను. ఆ పిల్లవాడు నా సూత్రాన్ని తూచా తప్పకుండా పాటించాడు. శాస్త్రం చదివిన నాకు ఆనాడు అది తోచలేదు.

చాలా ఏళ్ళ తరువాత, పదవీ విరమణకు కొంచెం ముందు, ఎరువుల దుకాణంలో అతడు కనిపించాడు. దుకాణం అతనిదే. గుర్తుపట్టి కుర్చీ వేసి కూర్చోబెట్టి, "నాకు ఇంగ్లీషు మాత్రం అబ్బలేదండీ మాస్టారూ, మీరు చెప్పకపోలేదు, నా బుర్రకే ఎక్కలేదు" అన్నాడు నవ్వుతూ. ఆ మాట నాకు గుచ్చుకుంది. బదులు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఆ తరువాత అమెరికానుంచి మా అమ్మాయి పిల్లతో వచ్చింది. మనుమరాలికి అప్పుడు నాలుగేళ్ళు. ఇంగ్లీషు ఆ పిల్లకు ఉగ్గుపాలతో వచ్చిన భాష. ఒకనాడు నా ఒళ్ళో కూర్చుని, జూకి వెళ్ళామని చెప్పబోయి ‘వి గోడ్’ అన్నది. నేను ఉలిక్కిపడ్డాను. మా అమ్మాయి తేలికగా, "అక్కడి పిల్లలందరూ ఈ వయసులో అలాగే అంటారు నాన్నా, కొన్నాళ్ళకు వాళ్ళే దిద్దుకుంటారు" అన్నది. ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లలు సైతం అనే మాటకా నేను ఒకణ్ణి బెంచీ ఎక్కించింది? అక్కడ మొదలైంది నా అన్వేషణ.

సుమారు వెయ్యేళ్ళ క్రిందటి ఇంగ్లీషును పాత ఇంగ్లీషు అంటారు. ఆ భాషలో క్రియలు ప్రధానంగా రెండు జాతులు. ఒక జాతిలో భూతకాలం క్రియ లోపలి అచ్చు మార్పుతో ఏర్పడుతుంది. సింగ్ – స్యాంగ్ అన్నట్లు. రెండవ జాతిలో అచ్చు మారదు, చివర దకార డకారాల వంటి దంత్యధ్వని గల ప్రత్యయం చేరుతుంది. 19వ శతాబ్ది ఆరంభంలో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ మొదటివాటికి బలక్రియలనీ, రెండవవాటికి దుర్బలక్రియలనీ పేర్లు పెట్టాడు. పిల్లల జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులలో ఒకడు ఇతడే. తన బలంతో తానే మారగలిగినది బలక్రియ, మరొకరి ఊతం కోరేది దుర్బలక్రియ అని భావం. నేడు మనం నియత క్రియలని పట్టికల్లో మొదట నేర్పేవన్నీ ఆ దుర్బలుల సంతానమే.

సంస్కృతం చదివినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. భిద్ ధాతువుకు లిట్టులో ‘బిభేద’ అవుతుంది. ధాతువులోని ఇకారం ఏకారమయింది. ఇంగ్లీషు ‘బైట్’ అన్న క్రియ ఈ భిద్ ధాతువుకు సాక్షాత్తు సోదరి. పాత ఇంగ్లీషులో దాని వర్తమానం ‘బీట్–’, భూతకాలం ‘బాట్’. రెండు చోట్లా అచ్చు మారినది ఒకే మూలభాషనుంచి వచ్చిన అలవాటు చేతనే. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ధాతువులలోనూ వ్యాకరణ రూపాలలోనూ ఇంతగా పోలియుండడం కాకతాళీయం కాదని ప్రకటించినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నవి ఇటువంటి సామ్యాలే.

అసలు విశేషం దుర్బలక్రియల దగ్గర ఉన్నది. సంస్కృతంలో ప్రేరణార్థకాల వంటి ప్రత్యయాంత ధాతువులకు లిట్టులో అభ్యాసం రాదు. అప్పుడు ఏమి చేస్తాము? ధాతువు చివర ‘ఆం’ చేర్చి, దాని ప్రక్కన మరొక క్రియ తెచ్చి నిలబెడతాము. కథయాంచకార, కథయామాస. ‘చకార’ అంటే చేసెను. అంటే ‘చెప్పుటను చేసెను’ అన్నమాట. పాత ఇంగ్లీషు దుర్బలక్రియలు కూడా సరిగ్గా ఇటువంటివే. నామవాచకాలనుంచి పుట్టినవి కొన్ని, ప్రేరణార్థకాలు కొన్ని. సద్ – సాదయతి అన్నట్లే సిట్ – సెట్. కూర్చొనుట, కూర్చుండబెట్టుట. ఇటువంటి పుట్టుక్రియలకు లోపలి అచ్చు మార్చుకొనే శక్తి లేదు. అందుచేత వాటికీ ‘చేయు’ అన్న అర్థం గల క్రియ ఒకటి తోడు వచ్చిందనీ, అది కాలక్రమాన అరిగి అరిగి నేటి ‘ఈడీ’గా మిగిలిందనీ ఎక్కువమంది భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ క్రియ ఇంగ్లీషులో ‘డూ’, మన సంస్కృతంలో ధా ధాతువు.

దీనికి గట్టి సాక్ష్యం గోథిక్ భాషలో కనబడుతుంది. 4వ శతాబ్దిలో వుల్ఫిలా అనే బిషప్పు బైబిలును ఆ భాషలోకి అనువదించాడు. అందులో ‘మేము రక్షించితిమి’ అనడానికి ‘నసిదేదుమ్’ అన్న రూపం ఉన్నది. చివరనున్న ‘దేదుమ్’ చూడండి, ‘డిడ్’ అన్న మాట తొంగిచూడడం లేదూ? ఈ సిద్ధాంతం మీద ఆక్షేపణలు లేకపోలేదు. ధ్వనిపరమైన చిక్కులు కొన్ని ఇంకా తేలలేదు. అయినా ఇంతకంటె బలమైన వాదం మరొకటి దీనిని తోసిరాజనలేదు.

భూతకాల రూపం సంగతి ఇది. ఇక ‘హాజ్ వాక్ట్’ అన్నప్పుడు వచ్చే ‘ఈడీ’ వేరు. చూడడానికి ఒకటేగాని పుట్టుక వేరు. అది మన క్త ప్రత్యయానికి జ్ఞాతి. గత, కృత, శ్రుత అన్న మాటలలోని తకారమే జెర్మానిక్ భాషలలో మారి అక్కడ డకారమయింది. రెండు వేరు వేరు ఏర్లు ఒకే రేవులో కలిసి ఒకే పేరుతో ప్రవహిస్తున్నాయి. పట్టికలో వాక్ట్ – వాక్ట్ అని రెండుసార్లు ఎందుకు రాయాలి మాస్టారూ అని ఒక పిల్ల ఆనాడు అడిగింది. రాయమన్నప్పుడు రాయి అన్నాను!

తెలుగు సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. మనమూ పరభాషా క్రియలను నేరుగా మింగలేము. సంస్కృతంనుంచి వచ్చినదానికి ‘ఇంచు’ చేరుస్తాము: పఠించు, రక్షించు. ఇంగ్లీషునుంచి వచ్చినదానికి ‘చేయు’ తోడిస్తాము: ఫోన్ చేశాడు, డౌన్‌లోడ్ చేశాడు. ఇది చుట్టరికం కాదు, పోలిక మాత్రమే. తెలుగు సంస్కృతజన్యం కాదనీ, దక్షిణ భాషల కుటుంబం వేరనీ 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలోనే ఎల్లిస్ దొర నిరూపించాడు. కాని కొత్త క్రియ గడప తొక్కినప్పుడు దానికి ‘చేయు’ను తోడిచ్చి పంపడం ఏ కుటుంబంలోని మనిషికైనా తోచే ఉపాయమే కాబోలు.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. తరువాతి శతాబ్దాలలో ఫ్రెంచి క్రియలు వందలకొద్దీ ఇంగ్లీషులోకి వచ్చిపడ్డాయి. ప్లీజ్, సర్వ్, జాయిన్, పనిష్ వంటివి. వీటిలో దాదాపు అన్నీ ‘ఈడీ’నే ఆశ్రయించాయి. దుర్బలమని పేరుపడినది రాజ్యమేలింది. బలక్రియలు ఒక్కొక్కటే ఆయుధాలు దించి దాని పక్షాన చేరాయి. ‘హెల్ప్’కు భూతకాలం ఒకప్పుడు ‘హోల్ప్’. 1611 నాటి జేమ్స్ రాజు బైబిలులోనూ ఆ క్రియ పాతరూపమైన ‘హోల్పెన్’ కనబడుతుంది. ‘క్లైమ్’, ‘బేక్’, ‘స్టెప్’ అన్నీ ఒకనాటి బలక్రియలే. నా పట్టికలో మొట్టమొదట నిలిచిన ‘వాక్’ మాత్రం తక్కువదా? పాత ఇంగ్లీషులో అది ‘వెయల్కన్’, అర్థం దొర్లుట, భూతకాలం ‘వేయోల్క్’. నడుచుట అన్న అర్థమూ, ‘ఈడీ’ అన్న తోకా రెండూ తరువాత వచ్చినవే. నియతానికి ఉదాహరణగా నేను చూపిన క్రియే ఒకనాటి అనియతమని తెలిసి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

2007లో హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ విషయాన్ని లెక్కగట్టి నేచర్ పత్రికలో ప్రకటించారు. పాత ఇంగ్లీషులోని 177 అనియత క్రియలను తీసుకొని చూడగా, మధ్య ఇంగ్లీషు కాలానికి 145, నేటికి 98 మాత్రమే అనియతంగా మిగిలాయి. తక్కినవన్నీ ‘ఈడీ’లో కలిసిపోయాయి. ఎంత తరచుగా వాడితే అంత కాలం పాతరూపం నిలుస్తుంది. వాడుక నూరు రెట్లు తక్కువైన క్రియ పది రెట్లు త్వరగా నియతమవుతుంది. ఇంట్లో రోజూ తోమే ఇత్తడి చెంబు తళతళలాడుతుంది, అటకమీదిది చిలుమెక్కుతుంది. భాషలోనూ అంతే. అందుకే బి, హావ్, డూ, గో, సే వంటి నిత్యవ్యవహార క్రియలన్నీ నేటికీ అనియతాలే. పసివాడికి ముందుగా కావలసినవి అవే. ముందుగా తడబడేదీ వాటి దగ్గరే.

ఇక ఉచ్చారణ. ‘వాకెడ్’ అని పిల్లలచేత పలికించినందుకు నేను సిగ్గుపడుతూ వచ్చాను. చరిత్ర చదివాక కొంత ఊరట కలిగింది. ఒకప్పుడు ఇంగ్లీషువారూ అందులోని అచ్చును పలికేవారు. షేక్స్పియరు కాలంలో ఛందస్సు అవసరాన్ని బట్టి పలకడమూ ఉంది, మింగడమూ ఉంది. 1712లో జొనాథన్ స్విఫ్ట్ ఆక్స్‌ఫర్డ్ ప్రభువుకు రాసిన లేఖలో, కవులూ రచయితలూ ఆ అచ్చును ఎగరగొట్టి హల్లులను గుదిగుచ్చి భాషను కర్కశం చేస్తున్నారని వాపోయాడు. ఆయన మొర ఎవరూ ఆలకించలేదు. లిపిలో అచ్చు మిగిలింది, నోట జారిపోయింది. ‘లర్నెడ్’, ‘బ్లెసెడ్’ వంటి విశేషణాలలో మాత్రం పాత ఉచ్చారణ బతికే ఉన్నది. ‘మై లర్నెడ్ ఫ్రెండ్’ అని వకీళ్ళు అనడం మీరు వినే ఉంటారు.

అచ్చు జారిపోగానే హల్లు హల్లును తాకింది. తాకిన చోట సంధి తప్పదు కదా! వాక్, హెల్ప్, పాస్, వాష్, వాచ్, లాఫ్ – ఇవి శ్వాసధ్వనితో ముగుస్తాయి కాబట్టి డకారం టకారమవుతుంది: వాక్ట్, హెల్ప్ట్, పాస్ట్, వాష్ట్, వాచ్ట్, లాఫ్ట్. కాల్, బెగ్, ప్లే – ఇవి నాదధ్వనితోనో అచ్చుతోనో ముగుస్తాయి కాబట్టి డకారం డకారంగానే ఉంటుంది: కాల్డ్, బెగ్డ్, ప్లేడ్. టకార డకారాలతో ముగిసే వాంట్, నీడ్ వంటివాటిలో మాత్రం రెండు సజాతీయ హల్లులు ఒకచోట పలకడం కష్టం కనుక పాత అచ్చు నిలిచింది: వాంటెడ్, నీడెడ్. లభ్ + త = లబ్ధ అయినప్పుడు ధాతువు చివరి నాదధ్వని ప్రత్యయంలోని తకారాన్ని తనలో కలుపుకొని ధకారం చేసింది కదా. ఇక్కడ ధాతువు చివరి శ్వాసధ్వని ప్రత్యయంలోని డకారాన్ని తనవంటి టకారం చేసింది. దిశ ఒకటే. ఒక తెలుగు పండితుడు పిల్లలకు పావుగంటలో చెప్పగలిగిన పాఠమిది. ఆనాడు నాకు తెలిసివుంటే వారికీ ఉచ్చారణ వచ్చేది, నాకూ గౌరవం దక్కేది.

పాత ఇంగ్లీషులో ఒక్కొక్క నియత క్రియకు పురుష, వచన భేదాలతో పదికి పైగా రూపాలుండేవి. ఇప్పుడు నాలుగే మిగిలాయి: వాక్, వాక్స్, వాక్ట్, వాకింగ్. ప్రథమపురుష ఏకవచనంలో దక్షిణాదివారు ‘ఎత్’ అనేవారు, ఉత్తరాదివారు ‘ఎస్’ అనేవారు. 1611 బైబిలు ‘ఎత్’నే పట్టుకున్నది. వాడుకలో మాత్రం ఆ శతాబ్దిలోనే ‘ఎస్’ గెలిచింది. భవిష్యత్తుకు ప్రత్యేక రూపం ఆ భాషకు ఎన్నడూ లేదు. వర్తమానంతోనే సరిపెట్టుకొని, తరువాత ‘ఇచ్ఛించు’ అన్న అర్థం గల ‘విల్’నూ, ‘ఋణపడియుండు’ అన్న అర్థం గల ‘షల్’నూ సహాయానికి పిలుచుకున్నది. ఉత్తమపురుషకు ‘షల్’, తక్కినవాటికి ‘విల్’ అన్న నియమం 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంతో స్థిరపడసాగింది. వాలిస్ వృత్తిచేత గణిత శాస్త్రజ్ఞుడు!

1586లో విలియం బులోకర్ రాసినది మొదటి ఇంగ్లీషు వ్యాకరణం. అతడూ, తరువాతివారూ లాటిన్ మూసలో ఇంగ్లీషును పోశారు. లాటిన్‌కు ఆరు కాలాలుంటే ఇంగ్లీషుకూ ఉండాలన్నారు. 1762లో బిషప్ లౌత్, 1795లో లిండ్లీ మరీ రాసిన వ్యాకరణాలు బడిపిల్లల చేతుల్లోకి వెళ్ళాయి. ఆ పరంపర ద్వారానే రెన్ అండ్ మార్టిన్ దాకా, అక్కడినుంచి మన నల్లబల్లల దాకా మూడు కాలాలు, ఒక్కొక్కదానికి నాలుగు భేదాలు, వెరసి పన్నెండు గళ్ళ పట్టిక చేరింది. నేటి భాషాశాస్త్రజ్ఞులలో చాలామంది, క్రియారూపం మారేది రెండింటిలోనే కాబట్టి ఇంగ్లీషుకు కాలాలు రెండే అంటారు. మన చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తద్ధర్మార్థకమని ఒకటి వేరుగా చెప్పాడు. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నప్పటి ‘ఉదయించును’ అది. ఇంగ్లీషులో ‘ద సన్ రైజెస్’ అన్నప్పుడు ఉన్నది సరిగ్గా ఈ తద్ధర్మమే. దానిని వర్తమానమని చెప్పి ‘ఉదయిస్తున్నాడు’ అని అనువదింపజేసి, పిల్లలను ఎంత గందరగోళపెట్టామో!

మరొకటి. ‘డిడ్ నాట్ వాక్ట్’ అని రాయని పిల్లవాడు మన బడుల్లో అరుదు. డిడ్ ఉన్నచోట ఈడీ రాకూడదని బెత్తం పుచ్చుకొని చెప్పాము గాని, ఎందుకు రాకూడదో చెప్పలేదు. భూతకాలపు బరువును మోయడానికి వాక్యంలో ఒక్క భుజం చాలు. ‘డిడ్’ దానిని ఎత్తుకున్నాక ‘వాక్’ ఖాళీ చేతులతో నడుస్తుంది. పైగా ‘ఈడీ’ కూడా మూలంలో ‘డిడ్’ వంటిదే అయితే, ఒక చేతకు రెండు చేయులు ఎందుకు?

ఇక ‘గో’. దాని అసలు భూతకాలం పాత ఇంగ్లీషులో ‘ఎయోదె’. అది నశించింది. ‘వెండ్’ అనే మరొక క్రియ భూతకాలమైన ‘వెంట్’ను అరువు తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెట్టారు. దృశ్ ధాతువుకు ‘పశ్యతి’ ఆదేశమైనట్లు. ఒక క్రియ ముఖం ఒకరిది, మొండెం మరొకరిది. దానిని విని నేర్వవలసినదేగాని ఊహించి రాయడం బ్రహ్మకైనా తరం కాదు. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు పసిపిల్లలకు లోకంలో లేని క్రియలను కల్పించి వినిపించింది. పిల్లలు వాటికీ ‘ఈడీ’ చేర్చి భూతకాలం చెప్పారు. ఎన్నడూ వినని మాటకు రూపం కట్టగలిగారంటే వారు వల్లె వేయడం లేదు, సూత్రం గ్రహించారన్నమాట. ‘గోడ్’ అన్నది ఆ గ్రహింపుకు గుర్తు. ఇంగ్లీషు జాతి వెయ్యేళ్ళుగా హోల్ప్‌ను హెల్ప్ట్‌గా మారుస్తూ చేసిన పనినే ఆ కుర్రవాడు నల్లబల్ల దగ్గర అరనిమిషంలో చేశాడు.

ఇది తెలిశాక ఊరుకోలేకపోయాను. బస్సెక్కి ఆ ఊరు వెళ్ళి ఎరువుల దుకాణం మెట్లెక్కాను. కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. నెమ్మదిగా ఆ రోజు సంగతి ఎత్తాను. అతనికి బాగా గుర్తుంది. ఇంకా ఒకరిద్దరు మిత్రులు ఆ పేరుతోనే పిలుస్తారట.

"అయితే మాస్టారూ, నేను రాసింది తప్పు కాదంటారా?" అన్నాడు.

"తప్పే నాయనా. కాని తెలివిగల తప్పు. నేను చెప్పిన సూత్రం ప్రకారం నువ్వు రాసినదే సరి. సూత్రాన్ని సగమే చెప్పిన తప్పు నాది. నిన్ను బెంచీ ఎక్కించకుండా ఉండవలసింది" అన్నాను.

అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత గల్లాపెట్టె దగ్గర లెక్కలు రాస్తున్న కొడుకును పిలిచాడు. "ఒరేయ్, మాస్టారుగారు ఏమంటున్నారో ఇలా వచ్చి విను" అన్నాడు. నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను.

మీలో ఉపాధ్యాయులున్నారు, భాషాభిమానులున్నారు. ఇటువంటి అర్ధసూత్రాలకు బలి అయిన అనుభవాలు మీకూ ఉంటే వ్యాఖ్యలలో తెలియజేయ ప్రార్థన. నా రాతలో పొరపాట్లుంటే దిద్దండి. బెంచీ ఎక్కించినా అభ్యంతరం లేదు.

స్వస్తి.